పులికాట్‌లో ఫ్లెమింగోలు చూడాలంటే తేదీ కంటే నీళ్లు ముఖ్యం

డిసెంబరు ఆఖర్లో హైదరాబాద్ నుంచి పిల్లలతో వస్తున్నాం, పులికాట్ సరస్సుకి ఒక్కరోజే కేటాయించగలం, ఫ్లెమింగోలు కచ్చితంగా కనపడతాయా, పడవ మాట్లాడుకోవాలా అని అడిగారు కదా. కచ్చితంగా అని ఎవరు చెప్పినా నమ్మకండి. పడవ అక్కర్లేదు.

నేను చలికాలంలో వీలు దొరికినప్పుడల్లా అటు వెళ్తుంటాను. అందరూ అడిగేది ఏ నెలలో రావాలి అని. నన్నడిగితే నెల కాదు, నీళ్లు చూసుకుని రావాలి. ఫ్లెమింగో బురదలో నిలబడి తినే పక్షి, దాని కాళ్లు ఎంత పొడుగైనా వాటికీ ఒక లెక్క ఉంటుంది. నవంబరులోనో డిసెంబరు మొదట్లోనో తుపాను వచ్చి కాళంగి, స్వర్ణముఖి పొంగి సరస్సు నిండిపోయిందనుకోండి, ఇవి చెల్లాచెదురై లోతు లేని అంచులు వెతుక్కుంటూ పోతాయి, మీకు రోడ్డు మీద నుంచి బాతులూ గూడబాతులే (పెలికాన్లు) కనపడతాయి. నీళ్లు తగ్గడం మొదలయ్యాక, అంటే మామూలుగా జనవరి, ఫిబ్రవరిల్లో, గుంపులు గుంపులుగా ఒకచోటికి చేరతాయి. అలాగని మరీ ఆలస్యం చేస్తే లాభం లేదు. వానలు తక్కువ పడిన ఏడాది ఉత్తరం వైపు నీళ్లు తొందరగా వెనక్కి పోయి, పక్షులు ఎక్కడో దూరాన తెల్లటి గీతలా ఉంటాయి. ఎండాకాలానికి చాలాచోట్ల నేల తేలి పైన ఉప్పు పేరుకుంటుంది. దీనికి తోడు సముద్రంలో కలిసే ముఖద్వారాలు ఇసుక మేటలతో పూడుకుపోతున్నాయని జాలర్లు ఏళ్ల తరబడి మొత్తుకుంటున్నారు, ఆ ఇసుక తీస్తే చేపకీ పిట్టకీ కూడా మంచిదే.

అందుకని బయల్దేరే ముందు సరస్సు పక్క ఊరైన సూళ్లూరుపేటలో మీరు దిగే లాడ్జి వాళ్లనో, మాట్లాడుకున్న కారు డ్రైవరునో ఒక్క మాట అడగండి: "అటకానితిప్ప దగ్గర రోడ్డు పక్కన నీళ్లు ఎంత ఉన్నాయి, పిట్టలు దగ్గరగా ఉన్నాయా?" అని. షార్‌కి, అంటే శ్రీహరికోట రాకెట్ కేంద్రానికి, రోజూ వెళ్లొచ్చేవాళ్లు ఆ ఊళ్లో చాలామంది ఉంటారు, ఎవరో ఒకరు చూసే ఉంటారు.

చూడాల్సిన చోటు కూడా ఆ రోడ్డే. సూళ్లూరుపేట నుంచి శ్రీహరికోట వెళ్లే దారి సరస్సు మధ్యలోంచే పోతుంది, రెండు వైపులా నీళ్లు. దారి తూర్పుకి పోతుంది కాబట్టి పొద్దున్నే వెళ్తే ఎండ సూటిగా కళ్లలోకి కొడుతుంది. చలికాలంలో సూర్యుడు దక్షిణానికి వాలి ఉంటాడు, కాబట్టి రోడ్డుకి ఉత్తరం వైపు ఉన్న పక్షుల మీదే వెలుగు బాగా పడుతుంది, దక్షిణం వైపువి నల్లటి నీడల్లా కనిపిస్తాయి. ఫొటోలు తీయాలనుకుంటే ఇది గుర్తుపెట్టుకోండి. బైనాక్యులర్స్ మాత్రం ఎవరినైనా అడిగి అయినా తెచ్చుకోండి, ఫోన్‌లో వచ్చేవి చుక్కలే. బండి రోడ్డు మీద ఆపకుండా పక్కకి తీసి పెట్టండి, షార్ బస్సులు మంచి స్పీడులో వస్తుంటాయి. ఆ దారిలో నీడ లేదు, టిఫిన్, బాత్రూమ్ అన్నీ ఊళ్లోనే కానిచ్చుకుని రావాలి.

పిల్లలకి ముందే ఒక మాట చెప్పి తీసుకురండి, బొమ్మల్లో ఉన్నంత గులాబీ రంగు ఇక్కడ ఉండదు. ఎక్కువగా వచ్చేవి పెద్ద ఫ్లెమింగోలు, నిలబడి ఉంటే దాదాపు తెల్లగానే ఉంటాయి. ఆ గులాబీ రంగు వాటికి తిండి నుంచే వస్తుంది కాబట్టి చిన్న వయసువి బూడిద రంగులో మాసినట్టుంటాయి, మా వాళ్లబ్బాయి అయితే వాటిని వేరే పక్షి అనుకున్నాడు. అసలు రంగు లేచినప్పుడు చూడాలి, నాలుగడుగులు నీళ్ల మీద పరుగెత్తి రెక్క విప్పగానే లోపలి ఎరుపూ నలుపూ ఒక్కసారిగా బయటపడతాయి. అలాగని వాటిని లేపడానికి చప్పట్లు కొట్టేవాళ్లని చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. అంతకంటే అవి తినేటప్పుడు చూడండి. మెడ కిందికి దించి, తల తలకిందులుగా నీళ్లలో పెట్టి, కాళ్లతో బురద తొక్కుతూ అక్కడికక్కడే గుండ్రంగా తిరుగుతుంటుంది. బురద లేచి నీళ్లు కలకబారతాయి. ముక్కు అంచుల్లో జల్లెడ లాంటి ఏర్పాటు ఉంటుంది, నీళ్లు బయటికి నెట్టేసి చిన్న చిన్న జీవుల్ని, నాచుని లోపల మిగుల్చుకుంటుంది. ఒక్క పక్షినే పట్టుకుని పావుగంట చూస్తే పిల్లలు కూడా విసుక్కోరు.

బురదలోకి మాత్రం దిగకండి. పైకి ఎండినట్టే ఉంటుంది, అడుగేస్తే పిక్క దాకా దిగబడుతుంది. పైగా మీరు దగ్గరికి వెళ్లేకొద్దీ అవి ముందు తలలెత్తి చూస్తాయి, తర్వాత గుంపంతా అవతలికి నడవడం మొదలుపెడుతుంది. తలలు లేచాయంటే ఆగిపోవాలి.

మధ్యాహ్నం మూడు దాటాక నేలపట్టు వెళ్లండి. హైవే మీద నెల్లూరు వైపు పోతే దొరవారిసత్రం దగ్గర, అట్టే దూరం కాదు. చాలామంది అక్కడ ఫ్లెమింగోలు ఉంటాయనుకుని వెళ్లి నిరాశపడతారు, అది గూడబాతుల చోటు. చెరువు నీళ్లలో నిలబడ్డ కడప అనే రకం చెట్ల మీద గూళ్లు కట్టుకుని పిల్లల్ని పెంచుతాయి, మేతకి మాత్రం పులికాట్ దాకా ఎగిరి వెళ్లొస్తాయి. డిసెంబరు ఆఖరంటే మీకు ఇక్కడ మంచి సమయమే, గూళ్ల దగ్గర గోలగోలగా ఉంటుంది. వాసన కూడా ఉంటుంది లెండి. పులికాట్ దగ్గర అదృష్టం బాగోకపోయినా ఇది మీ రోజుని నిలబెడుతుంది.

పడవ ఎందుకు వద్దన్నానంటే, ఫ్లెమింగోలు ఉండేంత తక్కువ నీళ్లలోకి పడవ రాదు, ఇంజన్ చప్పుడుకే అవి లేచిపోతాయి. సరదాకి తమిళనాడు వైపు పళవేర్కాడులో ఎక్కాలనుకుంటే లైఫ్ జాకెట్ లేని పడవ ఎక్కకండి. 2011 క్రిస్మస్ రోజున అక్కడ పడవ బోల్తాపడి ఇరవై మందికి పైగా చనిపోయారు. ఆ ఊరికి వెళ్తే పడవ కన్నా పాత డచ్చి సమాధులు చూడటం మేలు. కానీ ఒక్కరోజులో అదీ ఇదీ పెట్టుకోకండి, సగం రోజు కారులోనే పోతుంది.

చివరగా, శ్రీహరికోట లోపలికి పాస్ లేకుండా పంపరు, గేటు దాకా వెళ్లకుండా ముందే వెనక్కి తిరగండి. రాకెట్ ప్రయోగం ఉన్న రోజు ఆ రోడ్డు మీద తనిఖీలు, రద్దీ, ఆగి పిట్టల్ని చూసే వీలే ఉండదు. మీ తేదీల్లో ప్రయోగం ఏమైనా పడిందేమో టికెట్లు బుక్ చేసే ముందే చూసుకుని, పడితే ఒక రోజు అటో ఇటో జరుపుకోండి.