జీపీఎస్ ప్రతి ఫోన్‌లోకీ, వాచీలోకీ ఎలా వచ్చేసింది?

ఒకప్పుడు విడిగా కొనుక్కోవాల్సిన జీపీఎస్ ఇప్పుడు ఫోన్, వాచీ, కారు అన్నిట్లో ఎందుకు ఉంటోందని అడిగారు. చిప్ చిన్నదై, చవకైందన్నది సగం జవాబే.

2000 మే మొదలయ్యే దాకా పౌరులకు అందే సిగ్నల్‌ను, జీపీఎస్‌ను నడిపే అమెరికా కావాలనే చెడగొట్టేది. దాంతో వంద మీటర్ల వరకు తేడా వచ్చేది. ఏ వీధిలో ఉన్నామో చెప్పలేని పరికరం ఎవరికి కావాలి? ఆ అడ్డు తీసేశాక తేడా బాగా తగ్గింది. అత్యవసర కాల్ చేసినవాళ్లు ఎక్కడున్నారో తెలియాలని అక్కడి మొబైల్ కంపెనీలకు పెట్టిన నిబంధన కూడా దీన్ని ఫోన్లలోకి నెట్టింది.

అసలు చిక్కు వేరే. దాదాపు 20,200 కిలోమీటర్ల ఎత్తులోని ఉపగ్రహం తన వివరాలను సెకనుకు 50 బిట్ల చొప్పున, నత్తనడకన పంపుతుంది. అది ఎక్కడుందో చెప్పే కక్ష్య వివరాలు అందడానికే అర నిమిషం పడుతుంది, మధ్యలో సిగ్నల్ తెగితే ఇంకా ఆలస్యం. ఫోన్ ఆ వివరాలను ఇంటర్నెట్ నుంచే తెచ్చేసుకుంటుంది. అందుకే మ్యాప్ తెరిచిన కాసేపటికే నీలం చుక్క కనిపిస్తుంది. నాలుగు గోడల మధ్య ఉంటే చుట్టుపక్కల వైఫై రూటర్లను బట్టి అంచనా వేస్తుంది. వైఫైతో పాటు సెట్టింగ్స్‌లోని వైఫై స్కానింగ్ కూడా ఆపేసి చూడండి, చుక్క చుట్టూ ఉన్న వలయం తరచూ పెద్దదవుతుంది, అంటే అంచనాలో కచ్చితత్వం తగ్గిందన్నమాట.

అన్నట్టు, జీపీఎస్ చిప్ మీ జాడను ఉపగ్రహానికి పంపదు. వినడమే దాని పని. జాడ బయటికి పోయేది ఎక్కువగా యాప్‌ల ద్వారానే. లొకేషన్ పర్మిషన్‌ను ‘యాప్ వాడుతున్నప్పుడు మాత్రమే’ అని పెట్టుకుంటే చాలావాటికి సరిపోతుంది.