ఫాస్టింగ్ 96 ఉంటే అది షుగర్ ఎట్లైతుంది అని నేనూ అడిగినా

చెల్లెమ్మా, మీ ప్రశ్న రెండుసార్లు చదివినా. మీ అబ్బాయికి 16 ఏండ్లు, చిన్నప్పటినుంచి సిస్టిక్ ఫైబ్రోసిస్ (ఊపిరితిత్తుల్లో, ప్యాంక్రియాస్‌లో జిగురు చిక్కబడిపోయే పుట్టుక జబ్బు), ఇప్పుడు దానివల్లనే షుగర్ కూడా వచ్చింది ఇన్సులిన్ మొదలుపెట్టండి అన్నారు, చూస్తే ఫాస్టింగ్ 96, మూడు నెలల సగటు (HbA1c అంటారే, అది) 5.9, ఇంట్లో పెద్దోళ్ల కంటే మంచిగుంది, దీన్ని నమ్మాలా వద్దా అని కదా. నేను డాక్టర్‌ను కాదు. అనంతపురంలో ఆస్పత్రుల వీధిలో జిరాక్స్ షాపు నాది. కానీ ఇదే ప్రశ్న నేనూ అడిగి, జవాబు కూడా నేనే చెప్పుకొని, నాలుగు నెలలు నాశనం చేసుకున్నోణ్ణి, అందుకే రాస్తా ఉన్నా.

మా పాపకు ఇప్పుడు 14. ఆరేండ్లప్పుడు వేలూరులో చెమటలో ఉప్పు ఎంతుందో చూసే పరీక్ష చేసి ఇదే జబ్బు అని తేల్చినారు. అంతకు ముందే మా అమ్మ అనేది, బిడ్డకు ముద్దు పెడితే ఉప్పు తగుల్తాందిరా అని, మేమేమో నవ్వినాం. నా భార్య మా సొంతక్క కూతురే. ఇద్దరిలోనూ ఒక్కో పాడైన జీను దాక్కొని ఉంటే పుట్టే ప్రతి బిడ్డకూ నాలుగింట ఒక వంతు ఈ జబ్బు రావచ్చంట, ఈ ముక్క పెండ్లప్పుడు ఒక్కడన్నా చెప్పినాడా, జాతకాలు మాత్రం ముగ్గురు అయ్యవార్ల దగ్గర చూపించినారు. సర్లే అది వేరే కథ.

ఈ జబ్బు ఉన్న పిల్లలకు పదేండ్లు వచ్చినప్పటినుంచి ఏటా గ్లూకోజ్ తాగించి రక్తం చూడాలంట. మాకు పదమూడో ఏట బెంగళూరులో గానీ ఎవరూ చెప్పలేదు. పాప 34 కిలోలు కాబట్టి 60 గ్రాముల గ్లూకోజ్ కలిపి ఇచ్చినారు (పెద్దోళ్లకైతే 75). పరగడుపున 94, రెండు గంటలకు 238. 200 దాటితే షుగర్ కిందే లెక్క, ఇంకోసారి చేసి ఖాయం చేసుకుందాం రెండు వారాల్లో రండి అన్నాడు డాక్టరు. నేను పోలేదు.

ఎందుకు పోలేదంటే, నాకు షుగర్ గురించి అంతా తెల్సు కాబట్టి. మా షాపులో రోజూ నేను జిరాక్స్ తీసేవాటిలో సగం షుగర్ రిపోర్టులే, ఫాస్టింగ్ 180, 220, 310, ఆ నంబర్లు చూసి చూసి కండ్లు కాయలు కాసినాయి. నా లెక్కన 94 అంటే స్వీట్లు పంచాల్సిన నంబరు. దానికి తోడు ఇక్కడ తెలిసిన ఒకాయన (పేరెందుకులే) రిపోర్టు అట్ల చూసి, సన్నగా ఉండే పిల్లకు షుగరేందప్పా, బెంగళూరోళ్లు ఊరికే భయపెడ్తారు అన్నాడు. ఇంకేం, నాకు కావాల్సిన మాట దొరికింది.

ఇక్కడ నేను చేసిన అసలు తప్పు చెప్తా. షుగర్ లేదు అని మందు వద్దన్నా, మళ్లీ లోపల భయం ఉంటుంది కదా, అందుకని పథ్యం మాత్రం పెట్టినాం! చుట్టాలు ఊరుకుంటారా, ఒకరు అన్నం మానిపించి కొర్రలు పెట్టమంటారు, ఇంకొకరు సంగటి, ఒకాయన మెంతులు నానబెట్టి తాగించమని రోజూ ఫోన్ చేస్తాడు. నెయ్యి ఆపినాం, అరటిపండు ఆపినాం. తిన్నది ఒంటికి పట్టడానికి ముద్ద ముద్దకూ ఎంజైమ్ క్యాప్సూల్స్ మింగే బిడ్డ, మామూలు పిల్లల కంటే ఎక్కువ తినాల్సిన బిడ్డ, దానికి మేము తిండి తగ్గించినాం. నాలుగు నెలల్లో 34 కాస్తా 31న్నర అయింది. స్కూల్ యూనిఫాం నడుము దగ్గర మా ఆవిడ పిన్నీసు పెట్టి పంపించేది, చదువుల ఒత్తిడి అనుకున్నాం.

ఉగాది రోజు ఏమైందంటే, మా అక్క, అంటే మా అత్త కూడా ఆవిడే, పండక్కి వచ్చి పథ్యం గిథ్యం జాన్తా నై అని పాపకు ఓళిగలు రెండు నెయ్యి పోసి పెట్టింది. మధ్యాన్నం మూడప్పుడు ఆమె తన షుగర్ చూసుకోవడానికి మిషన్ తీసింది, ఆమెకు పదిహేనేండ్లనుంచి ఉంది. పాప పక్కనే కూర్చొని పూర్ణం గిన్నె వేలితో గీకి నాకుతా ఉంది. అవ్వా నాక్కూడా చూడు అంది. ఆట మాదిరి గుచ్చినాం. 312. నాకు గుండె ఆగినంత పనైంది, కానీ నోరు మాత్రం ఆగలేదు, వేలికి బెల్లం అంటింది కదా అందుకే అన్నా. అది నిజమే కూడా, వేలికి తీపి ఉంటే మిషన్ ఎక్కువ చూపిస్తుంది. సరేనని సబ్బుతో మోచేతుల దాకా కడిగించి, పొడిగా తుడిచి, ఇంకో చేతి వేలు గుచ్చినాం. 279. మిషన్ చెడిపోయింది అన్నా. మా అక్క ఏమీ మాట్లాడకుండా నా వేలు పట్టుకొని గుచ్చింది. 118. తనది 214. అప్పుడు అంది, నాకంటే బిడ్డకే ఎక్కువుందిరా అని. ఎవరూ నవ్వలేదు. పాప మాత్రం ఇంకో ఓళిగ తినొచ్చా అని అడిగింది.

మరుసటి రోజు పొద్దున పరగడుపున చూస్తే 92! మొత్తం కిటుకు ఇక్కడే ఉంది చెల్లెమ్మా. ఈ షుగర్ మా అక్కది కాదు, మీ ఇంట్లో పెద్దోళ్లది కూడా కాదు. ప్యాంక్రియాస్‌లో (తిన్నది అరగడానికి రసాలూ, ఇన్సులినూ తయారుచేసే గ్రంథి అది) గొట్టాలు చిక్కటి జిగురుతో పూడిపోయి, ఇన్సులిన్ తయారుచేసే భాగం కూడా మెల్లగా దెబ్బతింటుంది, కానీ మొత్తం పోదు. రాత్రంతా ఏమీ తినకుండా ఉంటే ఆ ఉన్న కాస్తా సరిపోతుంది కాబట్టి పొద్దున నంబరు బంగారం మాదిరి వస్తుంది, తిన్నాక ఒక్కసారిగా కావాల్సి వచ్చేసరికి చేతులెత్తేస్తుంది. మూడు నెలల సగటు కూడా ఈ జబ్బులో ఉన్నదానికంటే తక్కువ చూపించొచ్చంట, ఎర్ర కణాలు తొందరగా మారిపోతాయి కాబట్టి. అందుకే 5.9 చూసి నిమ్మళంగా కూర్చోవద్దు. నన్నడిగితే రిపోర్టు కంటే ముందు బరువు మిషన్‌ను నమ్మాలి, షుగర్ అంటే తీపి కాదు, తిన్నది ఒంటికి పట్టకపోవడం. ఈ మాట ఏ డాక్టరన్నా కాదంటే నేను వాదిస్తా.

అట్లని అనుమానమే వద్దు అనను. పరీక్ష చేసినప్పుడు మీవాడికి ఊపిరితిత్తుల్లో ఇన్ఫెక్షన్ ఉన్నిందా, స్టెరాయిడ్ వాడ్తా ఉన్నాడా? అవి ఉంటే షుగర్ పెరుగుతుంది, అప్పుడు ఒళ్లు కుదుటపడి కొన్ని వారాలు పోయినాక మళ్లీ గ్లూకోజ్ పరీక్ష చేయించమని అడగండి, అందులో తప్పేం లేదు. కానీ ల్యాబులో నిలబడి చూసుకోండి. మేము రెండోసారి పోయినప్పుడు ఆ ల్యాబు పిల్లోడు ఫోన్ చూసుకుంటా రెండు గంటల శాంపిల్ రెండున్నరకు తీయబోయినాడు, నేను కౌంటర్ కొట్టి పిలిస్తే గానీ కదల్లేదు, డబ్బులు మాత్రం ముందే కట్టించుకుంటారు. మాకు ఆసారి 246.

ఇన్సులిన్ మొదలుపెట్టి పదకొండు నెలలు. మాత్రలుండవా అని నేనూ అడిగినా, దీనికి ఇన్సులినే మందు అన్నారు. పథ్యం మొత్తం తీసేసినాం, నెయ్యి, గుడ్లు, అన్నం, చెనిక్కాయలు, ఉప్పు అన్నీ మామూలే (మన ఎండలకు ఈ పిల్లలకు ఉప్పు ఇంకా ఎక్కువే కావాలి), కూల్ డ్రింకులు, ఉత్త చక్కెర నీళ్లు మాత్రం పెట్టం, ఎంత అన్నం తింటే ఎన్ని యూనిట్లు అనేది పాపే లెక్కేసుకుంటుంది, నాకంటే బాగా. ఎండాకాలం కరెంటు పోతే ఇన్సులిన్ పెన్ను ప్లాస్టిక్ కవర్లో చుట్టి తడిగుడ్డ కట్టిన కుండలో పెడ్తాం. ఒకసారి డోసు ఎక్కువై వణుకొచ్చింది, బెల్లం ముక్క నోట్లో పెడితే పది నిమిషాల్లో తేరుకుంది, అప్పటినుంచి బ్యాగులో గ్లూకోజ్ పొట్లం ఉంటుంది. ఇప్పుడు 38 కిలోలు. ఇన్సులిన్ వల్లనా, పథ్యం తీసేసినందుకా అని మా ఆవిడా నేనూ ఇప్పటికీ కొట్లాడుకుంటాం. పిన్నీసు మాత్రం తీసేసినాం.

ఇంతా రాసి ఇప్పుడు చూస్కుంటే, మీరు ఫాస్టింగ్ రాసినారు, సగటు రాసినారు, రెండు గంటల నంబరు ఎంతో మాత్రం రాయలేదు. అది చూసి చెప్పండి, దాంతోపాటే ఆరు నెలల కింద మీవాడి బరువెంత, ఇప్పుడెంత.