చనిపోయిన విద్వాంసుడి సోలోలనే మళ్లీ వాయిస్తే అది నివాళా, నకలా?

అమెరికా జాజ్ శాక్సాఫోన్ విద్వాంసుడు చార్లీ పార్కర్ అప్పటికప్పుడు అల్లిన సోలోలను (ఒక్కడే వాయించిన భాగాలను) సూపర్‌సాక్స్ బృందం రాసుకుని ఐదుగురు కలిసి వాయించింది కదా, అది నకలు కాదా అని ఒకరు అడిగారు. కాదు, నివాళే. అంతకు మించిన నివాళి లేదు. తిరుపతిలో పెళ్లిమేళాల్లో శాక్సాఫోన్ వాయించి బతుకుతున్నా, ఈ మాట గట్టిగానే చెప్తా.

పార్కర్ 1955లో 34 ఏళ్లకే పోయాడు. 'సూపర్‌సాక్స్ ప్లేస్ బర్డ్' ఆల్బమ్ 1973లో వచ్చింది. బర్డ్ అంటే పార్కర్ ముద్దుపేరు. రెండు ఆల్టోలు, రెండు టెనర్లు, ఒక బారిటోన్, అన్నీ శాక్సాఫోన్ రకాలే. అందులో 'కో-కో' వినండి. ఆ వేగంలో ఒక్కడు వాయించడమే గగనం, వీళ్లు ఐదుగురూ ఒక్కచోటే ఆగి ఒక్కచోటే ఎత్తుకుంటారు.

మా గురువుగారు నాదస్వరం వాయిస్తూ, శాక్సాఫోన్ మీద కర్ణాటక సంగీతం వాయించిన కద్రి గోపాల్‌నాథ్ గారిని విని ఇటు మళ్లిన మనిషి. గురువుగారి సంవత్సరీకానికి శిష్యులమంతా పాత క్యాసెట్లోని ఆయన కల్యాణి రాగం స్వరకల్పన (అప్పటికప్పుడు అల్లిన స్వరాలు) రాసుకుని కలిసి వాయించాలనుకున్నాం. స్వరాలు తొందరగానే పట్టుబడ్డాయి. చిక్కంతా ఊపిరి దగ్గరే. ఆయనకు ఆయాసం. అందరూ ఆవర్తం (తాళం ఒక చుట్టు) చివర ఊపిరి తీసుకుంటే, ఈయన మధ్యలోనే ప్రతిమధ్యమం అనే స్వరం మీద తెంపేవారు. క్యాసెట్లో ఆ ఊపిరి పీల్చిన చప్పుడు కూడా వినబడుతుంది.

"అది సరిచేసి వాయిద్దామన్నా" అన్నాడు మాలో చిన్నోడు.

డోలు పెద్దాయన ఒప్పుకోలేదు. "వద్దు సామీ. ఆ సందులోనే కదా నేను రెండు దెబ్బలేసేది. అది పూడిస్తే మీ అయ్యవారు యాడుంటాడు?"

అట్లే వాయించాం. తెంపు రాగానే డోలు మీద ఆ రెండు దెబ్బలు పడ్డాయి. గురువుగారి ఇల్లాలు, మా అమ్మగారు, చేస్తున్న పని ఆపి మావైపు తిరిగారు.

ఇప్పుడు జరిగే సంస్మరణ సభలు చూస్తే కడుపు మండుతుంది. శాలువాలు, ఉపన్యాసాలు, దీపం వెలిగించే ఫొటోలు. పోయినాయన వాయించింది మాత్రం ఒక్క ముక్క వినిపించరు. పెళ్లిళ్లలోనూ అంతే, కీబోర్డులో శాక్సాఫోన్ మీట నొక్కితే చాలనుకుంటున్నారు.

కద్రి గారు 2019లో పోయారు. అమెరికా జాజ్ శాక్సాఫోన్ విద్వాంసుడు రుద్రేశ్ మహంతప్పతో ఆయన చేసిన 'కిన్స్‌మెన్' 2008 నాటి ఆల్బమ్, జాజ్ వాళ్లకూ ఆయన పరాయివాడు కాదు. ఆయన ఆలాపనలను ఊపిరితో సహా రాసుకుని నలుగురైదుగురు వాయించే ఆల్బమ్ ఒకటి రావాలి. ఎవరైనా మొదలుపెడితే తిరుపతి నుంచి మేం వస్తాం.