తాతగారి గురించి రాస్తున్న అమ్మాయికి

చిరంజీవి అమ్మాయికి ఆశీస్సులు.

తాతగారి సంవత్సరీకానికి వేస్తున్న సంచిక కోసం నువ్వు రాసిన వ్యాసం అందింది. నిదానంగా చదివాను. భాష బాగుంది, ప్రేమ ఉంది. మీ తాతగారే కనబడలేదు. దానకర్ణుడు, అజాతశత్రువు, నిగర్వి, స్నేహశీలి అంటూ పేర్చుకుంటూ పోయావు. ఆ మాటలు రాజమండ్రిలో తొంభై దాటి పోయిన ఏ పెద్దమనిషి ఫొటో కింద పెట్టినా అతుకుతాయి. ఆయన్ని ఎరిగినవాళ్లు ఒక్కొక్కరే వెళ్లిపోతున్నారమ్మా, నా బెంగ అదీ. నువ్విప్పుడు సరిగ్గా రాయకపోతే ఇంకెవరూ రాయరు.

ఇంకోటి. వ్యాసాన్ని రెండు ముక్కలు చేశావు. మొదటి సగం వ్యాపారం, రెండో సగం సేవ. కొట్టు కొడుకులకు అప్పజెప్పాక ఒక మంచిరోజు చూసుకుని ఆయన సేవలోకి దిగినట్టుంది చదువుతుంటే. అలా జరగలేదు. బట్టల కొట్లో నేర్చుకున్న విద్యతోనే ఆయన ఊరికి పనికొచ్చారు.

నేను చూసింది చెబుతాను. 1986 ఆగస్టు 16న ధవళేశ్వరం దగ్గర గోదావరి 35 లక్షల క్యూసెక్కులు దాటి పారింది. అక్కడ 17.75 అడుగులకే మూడో ప్రమాద హెచ్చరిక ఇస్తారు, ఆ ఏడు నీళ్లు దాన్ని ఎక్కడో దాటేశాయి. కింద గట్లు తెగి లంకలు మునిగాయి. వార్త తెలియగానే ఎక్కడెక్కడి నుంచో పాతబట్టల మూటలొచ్చి పడ్డాయి. మేం కుర్రాళ్లం, దింపడమే మా పని. మీ తాతగారు ఒక మూట విప్పించి ఒక్కో గుడ్డా పైకి తీసి చూశారు. జిప్పు ఊడిన పంట్లాలు, పిల్లల ఊలు స్వెట్టర్లు, అంచు చిరిగిన చీరలు. జాకెట్టు లేదు, లంగా లేదు. చీర ఒక్కటే ఇస్తే కట్టుబట్టతో మిగిలిన ఆడమనిషి దాన్ని దేనిమీద కట్టుకుంటుందని అడిగారు. మాలో ఎవరికీ అంతవరకు తట్టలేదు. ఆ సాయంత్రం తన కొట్లోంచి లంగా గుడ్డ తాన్లు దింపించి, కొలతలేసి కోయించి, ఒక్కో చీరలో ఒక్కో ముక్క మడతపెట్టించారు. మగవాళ్లకు లుంగీ, తువ్వాలు. ఇంటికో కట్ట చొప్పున పేర్లు రాయించి, పంచాక గుమస్తా చేత కొట్లో సరుకు లెక్క చూసినట్టే చూయించారు. రెండు కట్టలు తేడా వస్తే, తేలిందాకా ఎవర్నీ ఇంటికి పోనివ్వలేదు.

నీ వ్యాసంలో దీనికి దక్కింది ఒక్క వాక్యం, 'వరద బాధితులకు వస్త్రాలు పంపిణీ చేశారు' అని. పేపర్లో ఫొటో కింద వేసే వాక్యం అది. లంగా గుడ్డ సంగతి రాయి. ఆయన దయ ఎలాంటిదో, ఆయన బుర్ర ఎలా పనిచేసేదో రెండూ అందులోనే తెలుస్తాయి.

అటక మీది పాత చిట్టాలూ ఆవర్జాలూ చెదలు పట్టాయి, పారేయమంటారా అని ఉత్తరం చివర అడిగావు. పొరపాటున కూడా పారేయకు. ముందు దులిపి ఎండలో పెట్టు. 1986 ఆవర్జా, అంటే ఖాతాదారుల పద్దులుండే పుస్తకం, తీసి ఆగస్టు తరవాతి పేజీలు చూడు. లంక ఊళ్లలో చిన్న చిన్న బట్టల కొట్లవాళ్లు ఆయన దగ్గరే అరువు మీద సరుకు పట్టుకెళ్లేవారు. వరదలో సరుకు పోయింది, పాత బాకీ అలాగే ఉంది. అలాంటివాళ్లకు మళ్లీ అరువిచ్చారని తాడితోట మార్కెట్లో పెద్దవాళ్లు ఇప్పటికీ చెప్పుకుంటారు. ఆ మాట నిజమో కాదో ఆవర్జా చెబుతుంది. ఏ ఖాతా ఎప్పటికి చెల్లయింది, ఏది రానిబాకీ కింద మిగిలిపోయింది చూసుకో. చీర పంచితే ఒక మనిషికి ఒంటిమీదికి గుడ్డ వస్తుంది. మునిగిన కొట్టుకు అరువిస్తే ఆ ఊళ్లో ఒక కుటుంబం మళ్లీ నిలబడుతుంది. నా లెక్కలో రెండోదే పెద్ద సేవ. దానికి ఫొటో ఉండదు కాబట్టి నువ్వు రాయాలి.

బాకీ వసూలులో ఆయన గట్టిమనిషి. ఇవ్వగలిగి ఎగ్గొట్టినవాణ్ణి మార్కెట్ నడిబొడ్డున నిలబెట్టి అడిగేవారు. అదీ రాయి. మీ బాబాయిలు వద్దంటారు, తెలుసు. వాళ్లకు నచ్చజెప్పు. ఎవరికి వదలాలో, ఎవర్ని వదలకూడదో తెలిసిన మనిషి వదిలితేనే దానికి విలువ.

కాలం విషయంలో జాగ్రత్త. 1968లో ఆయన గోదావరి రోడ్డు వంతెన మీద సైకిలు తొక్కుకుంటూ అవతలి ఒడ్డున కొవ్వూరు వెళ్లేవారని రాశావు. రోడ్డు కమ్ రైలు వంతెన తెరిచింది 1974లో. అంతకుముందు సైకిలుతో సహా రేవు దాటాలి. ఇంట్లోవాళ్లు చెప్పే కథల్లో ఏళ్లు ఇలాగే కలిసిపోతుంటాయి. వాళ్ల తప్పేం లేదు, సరిచూడడం మన పని. గౌతమీ గ్రంథాలయానికి వెళ్లి అడుగు. వంతెన తీసేస్తే నీకు రేవు దొరుకుతుంది. పద్దు పుస్తకం సంచిలో పెట్టుకుని రేవులో ఎదురుచూసే మనిషి కథకు ఎక్కువ పనికొస్తాడు.

ఆయన పుట్టింది 1932లో. బట్టకు కంట్రోలున్న రోజుల్లో, అంటే సర్కారు చెప్పిన ధరకు, కొలతకే అమ్మాల్సిన కాలంలో, గుమస్తా కుర్రాడిగా చేరారు. గజాల్లో కొలిచి అణాల్లో లెక్క కట్టిన చెయ్యి 1957లో నయాపైసలకు, ఆ తరవాత మీటర్లకు మారింది. బట్ట మీద అమ్మకం పన్నే లేకుండా దశాబ్దాలు వ్యాపారం చేసి, 2017లో జీఎస్టీ వచ్చినప్పుడు మనవడి పక్కన కూర్చుని కంప్యూటర్ బిల్లు ఎలా కొడతారో చూశారు. ఊరు కదలకుండానే మద్రాసు రాష్ట్రం నుంచి ఆంధ్ర రాష్ట్రానికి, అక్కణ్ణుంచి ఆంధ్రప్రదేశ్‌కు వచ్చి, 2014లో అది విడిపోవడమూ చూశారు. ఇదంతా చరిత్ర పాఠంలా ఒకచోట పొయ్యకు. ఆ చెయ్యి కొలిచే చోట ఒక ముక్క, బిల్లు దగ్గర ఒక ముక్క వస్తే చాలు.

1977 దివిసీమ ఉప్పెన, 1996 కోనసీమ తుపాను రెండింటికీ ఆయన వెళ్లారు. అన్నీ వర్ణించబోకు, చదివేవాళ్లకు ఒకేలా ఉంటాయి. 1986ని దగ్గర్నుంచి చూపించి మిగతావి నాలుగు మాటల్లో దాటెయ్యి.

ఇంట్లోవాళ్లనే అడిగి రాశావని తెలిసిపోతోంది. పాత గుమస్తాగారిని కలువు. చెవి కాస్త మందం, దగ్గరగా కూర్చుని నెమ్మదిగా అడగాలి. తాతగారు మంచివారా అని అడిగితే అవునమ్మా, దేవుడు అని ఊరుకుంటారు. పొద్దున కొట్టు తెరవగానే ముందు ఏం చేసేవారు, ఎవరొస్తే లేచి నిలబడేవారు, ఎవరితో మాట పడింది అని అడుగు. హమాలీలను కూడా అడుగు. బేళ్లు మోసినవాళ్లకు యజమాని సంగతి మనకంటే బాగా తెలుస్తుంది.

రాసింది నాకు మళ్లీ పంపు. సంచిక వేసేవాళ్లు రెండు పేజీలే ఇస్తామంటే, ఫొటో చిన్నది చెయ్యమని చెప్పు. లంగా గుడ్డ, ఆవర్జా మాత్రం కొయ్యనివ్వకు.