గంపగుత్త ఫీజుతో ప్లీడరు ఆఫీసు నడుస్తుందా?

ప్రశ్న: నేను గుంటూరు మిర్చి యార్డులో కమీషన్ వ్యాపారిని. మా అమ్మాయి లా చివరి సంవత్సరంలో ఉంది. గంటల లెక్కన కాకుండా ప్రతి పనికీ ముందే ఒక రేటు చెప్పి, విజయవాడలో సొంత ఆఫీసు పెడతానంటోంది. దీనితో బతకగలదా?

జవాబు: బతకవచ్చు. కానీ చదువు అయిన వెంటనే కాదు.

గంటకింత అని బిల్లు వేయడం ముంబయి, ఢిల్లీ, బెంగళూరు నగరాల పెద్ద లా సంస్థల్లో కనిపించే పద్ధతి. మన జిల్లా కోర్టుల్లో కేసుకు ఇంత అని మాట్లాడుకోవడమే మొదటినుంచీ ఉన్న అలవాటు. చిక్కల్లా ఆ ‘ఇంత’లో ఏమేం కలిశాయో ఎవరూ రాసుకోకపోవడం. కక్షిదారు అన్నీ అందులోనే అనుకుంటాడు. తర్వాత వాయిదా ఖర్చులనీ, టైపింగ్ అనీ, గుమాస్తాకనీ అడిగితే తగాదా మొదలవుతుంది.

మీ యార్డులోనే ఒకరికి చెక్కు బౌన్స్ అయిందనుకోండి. బ్యాంకు నుంచి సమాచారం అందిన 30 రోజుల్లో నోటీసు పంపాలి. అది అందాక అవతలివాడికి 15 రోజుల గడువు. అప్పటికీ కట్టకపోతే నెలలోపు కోర్టులో ఫిర్యాదు. నోటీసుకు రేటు కట్టడం సులువే, దాని మొదలూ చివరా తెలుసు. ఫిర్యాదు వేశాక సమన్లు తిరిగొస్తాయి, నిందితుడు రాడు, వారంటు అడగాలి, క్రాస్ (సాక్షిని ఎదుటి లాయరు ప్రశ్నించడం) ఉంటుంది, మధ్యలో రాజీ బేరాలు. వీటన్నిటికీ కలిపి ఒకే అంకె చెప్పిన జూనియరు రెండో ఏడాదికి బస్సు ఛార్జీలు సొంత డబ్బుతో పెట్టుకుంటుంది. అందుకే దశకో ఫీజు ఉండాలి: నిందితుడు హాజరయ్యేదాకా ఒకటి, సాక్ష్యానికి ఒకటి, వాదనలకు ఒకటి, అప్పీలు వేరు. ఇదంతా కాగితం మీద రాసి ఇద్దరూ సంతకాలు పెట్టుకోవాలి.

వీలునామా, అద్దె ఒప్పందం, ఆస్తి కాగితాలు చూసి అభిప్రాయం రాయడం వంటి వాటికి గుత్త ఫీజు బాగా నప్పుతుంది. బ్యాంకులు తమ పనికి ఎంచి పెట్టుకునే ప్యానెల్ లాయర్లు చేసేది ఇదే. అయితే లింకు దస్తావేజు (ఆస్తి ఇంతకుముందు చేతులు మారినప్పటి పత్రం) ఒకటి దొరక్క సబ్ రిజిస్ట్రారు ఆఫీసు చుట్టూ తిరగాల్సి వస్తే లెక్క తప్పుతుంది. ఆ ఖర్చు ఎవరిదో ముందే చెప్పుకోవాలి.

రేట్ల పట్టికను ఇన్‌స్టాగ్రామ్‌లో పెట్టి కక్షిదారులను పిలుద్దామనుకుంటే కుదరదు. లాయర్లకు నియమాలు పెట్టే బార్ కౌన్సిల్ 36వ నిబంధన ప్రకటనలను ఒప్పుకోదు. గెలిస్తేనే ఫీజు, వచ్చినదాంట్లో వాటా అనే బేరాలకు 20వ నిబంధన అడ్డు. కమీషన్ వ్యాపారులైన మీకు ఇది వింతగా తోచవచ్చు!

బార్ కౌన్సిల్‌లో లాయరుగా ఎన్‌రోల్ అయ్యి, ఆల్ ఇండియా బార్ పరీక్ష గట్టెక్కాక మూడేళ్లు మంచి సివిల్ సీనియరు దగ్గర పనిచేయనివ్వండి. ఆ రోజుల్లో చేతికొచ్చేది చాలామందికి దారి ఖర్చులకే సరిపోతుంది, ఇంటినుంచి మీరే ఆదుకోవాలి. ఒక నోటుపుస్తకం పెట్టుకుని ఏ పనికి ఎన్ని గంటలు పట్టిందో రోజూ రాసుకోమనండి. కక్షిదారుకు గంటల బిల్లు ఇవ్వకపోయినా తన గంటలు తనకు తెలియాలి. లేకపోతే పక్క ఆఫీసు కంటే వంద తగ్గించడమే ఆమె రేటు అవుతుంది.

సీనియరును ఎంచుకునేటప్పుడు ఒకటి విచారించండి. ఫీజు బాకీ ఉందని కక్షిదారుల కాగితాలు తొక్కిపట్టే మనిషైతే అక్కడ చేర్చవద్దు. లాయరుకు ఆ హక్కు లేదని సుప్రీంకోర్టు 2000లోనే తేల్చింది.