ఆంక్షలు పెడితే దేశం దారికొస్తుందా? దోహాలో నేను చూసింది

ఆర్థిక ఆంక్షలతో ఒక దేశం మెడలు వంచొచ్చా అని అడిగారు. మాది జగిత్యాల దగ్గర ఊరు, 2017లో నేను ఖతర్ రాజధాని దోహాలో ఒక సూపర్‌మార్కెట్‌లో పాలు, పెరుగు సర్దే పని చేసేవాణ్ణి, కాబట్టి కళ్లతో చూసింది చెప్తాను.

జూన్ 5, రంజాన్ నెల. సౌదీ, యూఏఈ, బహ్రెయిన్, ఈజిప్టు కలిసి ఖతర్‌తో తెగదెంపులు చేసుకున్నాయి. ఖతర్‌కు ఉన్న ఒక్క రోడ్డు దారీ సౌదీ మీదుగానే, అదీ మూసేశారు. మాకొచ్చే పాలు చాలావరకు సౌదీవే, జనం ట్రాలీలు నింపుకుంటూ పోతుంటే సాయంత్రానికి పాల ర్యాకులు బోసిపోయాయి, ఇంటికి పైసలు పంపడం ఆగిపోతుందేమోనని నాకు ఒకటే టెన్షన్. కానీ కొద్దిరోజులకే విమానాల్లో టర్కీ పాలు దిగాయి. డబ్బా మీద 'సూత్' అని ఉండేది, ఇదేందన్నా అని అడిగిన ప్రతివాళ్లకూ వాళ్ల భాషలో పాలని నేనే చెప్పేవాణ్ణి. జూలైలో ఏకంగా ఆవుల్నే విమానంలో తెచ్చుకున్నారు!

అసలు ఆ నాలుగు దేశాలు ఖతర్‌ను అడిగిందే తప్పు పద్ధతి. 13 డిమాండ్లు, 10 రోజుల గడువు: ఖతర్ వార్తా ఛానెల్ అల్ జజీరా మూసెయ్యాలి, ఖతర్‌లో ఉన్న టర్కీ సైనిక స్థావరం ఎత్తెయ్యాలి, ఇరాన్‌తో సంబంధాలు తగ్గించుకోవాలి. ఇవన్నీ ఒప్పుకుంటే ఇక సొంత ప్రభుత్వం ఎందుకు? ఖతర్ టర్కీకి ఇంకా దగ్గరైంది, ఆగస్టులో ఇరాన్‌కు రాయబారిని మళ్లీ పంపింది. 2021 జనవరిలో సౌదీలోని అల్ ఉలాలో రాజీ కుదిరేనాటికి అల్ జజీరా నడుస్తూనే ఉంది.

ఖతర్‌కు గ్యాస్ ఉంది, తట్టుకుంది. ఇరాక్ మీద 1990లో పెట్టిన ఆంక్షలకు తిండికీ మందులకూ అల్లాడింది జనం, సద్దాం మాత్రం 2003లో యుద్ధం వచ్చేదాకా గద్దె దిగలేదు. ఇరాన్ 2015లో అణు ఒప్పందానికి వచ్చిందంటే అక్కడ అడిగింది ఒక్క విషయం, ఒప్పుకుంటే ఆంక్షలు తీసేస్తామన్న మాట కూడా ఉంది. 2018లో అమెరికా ఆ మాట తప్పింది, ఇక తర్వాత ఎవరు నమ్ముతారు?

నా రూమ్మేట్ కోరుట్ల అతను, రోడ్డు పనుల్లో ఉండేవాడు. కంకర యూఏఈ నుంచి రావాలి, అది ఆగింది, పని ఆగింది, మూడు నెలలు జీతం లేదు. వీసా కోసం ఊళ్లో రెండు రూపాయల మిత్తికి అప్పు తెచ్చి వచ్చినవాడు. యూఏఈలోని షార్జా మీదుగా దొరికే చవక టికెట్టూ పోయింది, చెల్లె పెండ్లికి రాలేకపోయాడు. ఆ మిత్తి 2019 దాకా కట్టాడు.