గ్రీన్ కార్డుతో ఆగాలా, పౌరసత్వం తీసుకోవాలా?

ప్రశ్న: నేను విశాఖ డాక్‌యార్డులో పనిచేసి రిటైరయ్యాను. మురళీనగర్‌లో ఉంటున్నాం. మా అబ్బాయి 2008లో ఎంఎస్ చదవడానికి అమెరికా వెళ్లి, అక్కడే ఎంబెడెడ్ సాఫ్ట్‌వేర్ ఇంజనీరుగా స్థిరపడ్డాడు. గ్రీన్ కార్డు వచ్చి ఐదేళ్లు దాటింది. మనవరాలు అక్కడే పుట్టింది. ఈమధ్య సెక్యూరిటీ క్లియరెన్స్ (రహస్య సమాచారం చూసేందుకు ప్రభుత్వం ఇచ్చే అనుమతి) కావలసిన ఒక ప్రాజెక్టులోకి, పౌరుడు కాదన్న కారణంతో అతణ్ణి తీసుకోలేదట. దాంతో పౌరసత్వానికి దరఖాస్తు చేస్తానంటున్నాడు. అనకాపల్లి దగ్గరి మా పొలం ఏమవుతుందో, రేపు వాడు మా దగ్గరికి వచ్చి ఉండాలంటే కుదురుతుందో లేదోనని మా దంపతుల దిగులు. వచ్చే మాఘమాసంలో మా అమ్మాయి పెళ్లి కూడా ఉంది. ఏం చెప్పమంటారు?

సమాధానం: అయ్యా, పొలం సంగతి ముందే తేల్చేస్తాను, ఎందుకంటే ఈ నిర్ణయంలో దానికి మీరు ఇస్తున్నంత చోటు లేదు. విదేశంలో నివసిస్తున్న వ్యక్తి, చేతిలో భారత పాస్‌పోర్టు ఉన్నా సరే, ఇక్కడ వ్యవసాయ భూమిని కొనడానికి గాని, గిఫ్ట్ డీడ్ ద్వారా పొందడానికి గాని వీల్లేదు. అంటే మీ అబ్బాయి ఇప్పటికే ఆ పరిమితిలో ఉన్నారు. వారసత్వంగా వచ్చే పొలాన్ని మాత్రం అప్పుడైనా ఇప్పుడైనా ఉంచుకోవచ్చు; అమ్మదలిస్తే ఇక్కడ నివసించే భారత పౌరుడికి అమ్మవచ్చు. పౌరసత్వం మారి, ఓసీఐ కార్డు (విదేశీ పౌరులైన భారత సంతతి వారికి మన ప్రభుత్వం ఇచ్చేది) తీసుకున్నాక కూడా ఇదే నియమం.

నిజంగా మారేది వేరే ఉంది. మన రాజ్యాంగం తొమ్మిదో అధికరణం, 1955 నాటి పౌరసత్వ చట్టం తొమ్మిదో సెక్షను ప్రకారం, స్వచ్ఛందంగా మరో దేశ పౌరసత్వం స్వీకరించిన వారికి భారత పౌరసత్వం దానంతట అదే పోతుంది. అమెరికా పౌరుడిగా ప్రమాణం చేసి వచ్చాక పాత భారత పాస్‌పోర్టును బీరువాలో దాచుకొని, అవసరానికి వాడుకోవచ్చునని అనుకునేవారిని నేను చూశాను, అది నేరం. పాస్‌పోర్టును అప్పగించి, సరెండర్ సర్టిఫికెట్ తీసుకొని, ఆ తరువాతే ఓసీఐకి దరఖాస్తు చేయాలి. ఓసీఐ వల్ల జీవితాంతం వీసా లేకుండా వచ్చిపోవచ్చు, ఎంతకాలమైనా ఉండవచ్చు, ప్రైవేటు ఉద్యోగం చేసుకోవచ్చు. ఓటు ఉండదు, ప్రభుత్వ ఉద్యోగాలలో మన పౌరులతో సమానమైన హక్కు ఉండదు. కాబట్టి, ఎన్ఎస్‌టీఎల్ వంటి రక్షణ పరిశోధన సంస్థలోనో, మీరు పనిచేసిన డాక్‌యార్డులోనో చేరాలన్న కోరిక మీ అబ్బాయికి నిజంగా ఉంటే, ఈ దరఖాస్తు ఆ తలుపును మూసేస్తుంది. అయితే పదిహేనేళ్లకు పైగా అక్కడే పనిచేసిన ఇంజనీరుకు ఆ కోరిక ఎంత బలంగా ఉంటుందో ఆయన్నే అడగాలి గాని, మనం ఊహించుకోకూడదు.

ఇక మీ దిగులు గురించి. పౌరసత్వం తీసుకుంటే కొడుకు మరింత దూరమవుతాడని మీరనుకుంటున్నారు. నా అభిప్రాయంలో జరిగేది అందుకు విరుద్ధం. గ్రీన్ కార్డును శాశ్వత నివాసమంటారు గాని, అక్కడ నివసిస్తున్నంత కాలమే దానికి విలువ. ఆరు నెలలకు మించి బయట ఉంటే తిరిగి వెళ్లేటప్పుడు ప్రశ్నలు ఎదురవుతాయి. ముందస్తు రీ-ఎంట్రీ పర్మిట్ లేకుండా ఏడాది దాటితే కార్డే పోయే ప్రమాదం ఉంది. రేపు మీలో ఒకరికి కేజీహెచ్‌లోనో మరో చోటో సుదీర్ఘమైన చికిత్స అవసరమై, మీ అబ్బాయి ఏడాదిన్నర ఇక్కడే ఉండిపోవలసి వస్తే, గ్రీన్ కార్డుతో ఆయన ప్రతి నెలా తేదీలు లెక్కపెట్టుకుంటూ ఉండాలి. అమెరికా పాస్‌పోర్టు, ఓసీఐ రెండూ ఉన్న మనిషికి ఆ లెక్క ఉండదు: ఇక్కడ ఎన్నాళ్లయినా ఉండి, తిరిగి వెళ్లి ఉద్యోగం చూసుకోవచ్చు.

దీనికి ధర లేకపోలేదు. అమెరికా పౌరుడు విశాఖకు వచ్చి స్థిరపడినా ఏటా అక్కడ పన్ను రిటర్ను దాఖలు చేస్తూనే ఉండాలి. ఇక్కడి బ్యాంకు ఖాతాల మొత్తం ఏడాదిలో ఎప్పుడైనా 10,000 డాలర్లు దాటితే ఆ వివరాలూ ఇవ్వాలి. గ్రీన్ కార్డు ఉన్నంతకాలం ఇదే బాధ్యత ఇప్పుడూ ఉంది గాని, కార్డును తిరిగి ఇచ్చేయడం పౌరసత్వాన్ని వదులుకోవడమంత పెద్ద పని కాదు. ఎప్పటికైనా భారత పౌరసత్వం మళ్లీ కావాలనుకుంటే దారి ఉంది: ఓసీఐగా నమోదై ఐదేళ్లు గడిచి, దరఖాస్తుకు ముందు పన్నెండు నెలలు ఇక్కడ నివసించి ఉండాలి.

పౌరుడైతే మీ ఇద్దరికీ గ్రీన్ కార్డు స్పాన్సర్ చేసే హక్కు కూడా ఆయనకు వస్తుంది. కేవలం గ్రీన్ కార్డుదారుకు తల్లిదండ్రుల విషయంలో ఆ హక్కు లేదు. కానీ పైన చెప్పిన షరతులన్నీ మీకూ వర్తిస్తాయి కనుక, ఏడాదిలో ఎక్కువ భాగం మురళీనగర్‌లోనే గడపాలనుకునే మీకు విజిటర్ వీసాయే మేలు. మనవరాలి విషయంలో ఆలోచించవలసింది ఏమీ లేదు. ఆమె పుట్టుకతోనే అక్కడి పౌరురాలు.

మొత్తంమీద, రానున్న పదేళ్ల ఉద్యోగ జీవితం అక్కడేనని మీ అబ్బాయి స్పష్టంగా చెబితే దరఖాస్తు చేయమనే నా సలహా. క్లియరెన్స్ విషయంలో ఎదురైన అడ్డంకి ఒక్కసారితో ఆగదు; ఫెడరల్ ప్రభుత్వ ఉద్యోగాల్లో అత్యధికం కూడా పౌరులకే. దరఖాస్తు చేసే నాటికి గడిచిన ఐదేళ్లలో కనీసం 30 నెలలు ఆ దేశంలో భౌతికంగా ఉన్నట్టు ప్రయాణాల జాబితా సరిచూసుకోమనండి. 2024 ఏప్రిల్ నుంచి ఆన్‌లైన్‌లో రుసుము 710 డాలర్లు, కాగితంపై అయితే 760. 2025 అక్టోబరు 20 నుంచి దరఖాస్తు చేసేవారిని పౌరశాస్త్ర పరీక్షలో 20 ప్రశ్నల వరకు అడుగుతారు. 12 సరిగ్గా చెప్పాలి.

పెళ్లి మాటకు వస్తే, ప్రమాణం చేసిన రోజుకూ ఓసీఐ చేతికందే రోజుకూ మధ్య కొన్ని వారాలు పడుతుంది; ఆ సమయంలో ఇండియాకు రావాలంటే వీసా తీసుకోవలసిందే. చెల్లెలి పెళ్లికి భారత పాస్‌పోర్టుతో నిశ్చింతగా వచ్చి, తలంబ్రాలు చూసి వెళ్లాకే దరఖాస్తు పంపమనండి.